పాత హాట్ హ్యాచ్ కొనేముందు తుప్పు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: యూకే వచ్చి ఏడాది కాలేదు. 2006 మోడల్ ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీ150 (చిన్న కారులో జోరైన ఇంజిన్ పెట్టిన హాట్ హ్యాచ్) తక్కువ ధరకు వస్తోంది. ఇంజిన్ బాగుందంటున్నారు. వెనక చక్రాల పైన మాత్రం పెయింటు కొద్దిగా పొక్కింది. ఇలాంటి కారు కొని ఇంటిదగ్గరే బాగుచేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. అయితే ఇంజిన్ బాగుందన్న మాటకంటే ఆ పొక్కుల మాటే ముందు చూడాలి. ఎస్‌టీ150లో ఉండే 2.0 లీటర్ డ్యూరాటెక్ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు కాదు, చైన్ ఉంటుంది. నూనె వేళకు మారుస్తూ వస్తే చాలాకాలం నడుస్తుంది. పాడైనా విడిభాగాలు దొరుకుతాయి. బాడీ అలా కాదు. ఆ తరం ఫియెస్టాలు ఎక్కువగా సిల్స్ (తలుపుల కింది భాగం) దగ్గర, వెనక ఆర్చీల (చక్రం పైన ఉండే వంపు రేకు) దగ్గర కుళ్లిపోయి తుక్కు కింద పోతున్నాయి.

మన ఊళ్లలో కారుకు తుప్పంటే పైనుంచి కనబడే మచ్చ. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు, బురద చక్రం విసురుకు ఆర్చీ లోపలి అంచులో, సిల్ లోపలి గదుల్లో పేరుకుంటాయి. తుప్పు లోపల పుట్టి బయటికి తింటూ వస్తుంది. పెయింటు పొక్కేసరికి దాని వెనక రేకు చాలావరకు పోయి ఉంటుంది. పైన గీకి, పుట్టీ పెట్టి, పెయింటు కొడితే వచ్చే చలికాలానికే మళ్లీ పొక్కడానికి కారణం ఇదే. నయం చేయాల్సింది రేకు లోపలి వైపు.

కొనేముందు చేయాల్సిన మొదటి పని ఖర్చులేనిది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే ఆ కారు ఎంఓటీ (ఏటా చేయించే భద్రతా పరీక్ష) చరిత్ర అంతా వస్తుంది. ఫెయిలైనవే కాదు, "అడ్వైజరీ"లు, అంటే పాసైనా జాగ్రత్త పడమని రాసే మాటలు, కూడా చదవండి. సిల్స్ తుప్పు అని రెండేళ్లు వరసగా రాసి మూడో ఏడు ఆ మాటే లేకపోతే, మధ్యలో వెల్డింగ్ జరిగిందా, లేక కారు అడుగున పూసే నల్లటి అండర్‌సీల్ పూసి దాచారా అని అడగాలి. పాత కారు కింద తాజాగా నిగనిగలాడే అండర్‌సీల్ కనబడితే సంతోషించకండి, అనుమానించండి.

కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌కు అంటించే పలచటి అయస్కాంతం ఒకటి, టార్చిలైటు ఒకటి తీసుకెళ్లండి. ఆర్చీ మీద, సిల్ మీద అయస్కాంతం జారిపోయే చోట రేకు లేదు, పుట్టీ ఉంది. సిల్ అంటే తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టెలాంటి భాగం. కారు బలంలో చాలా భాగం దానిదే. దాని అడుగు అంచును, జాకీ పెట్టే చోటును బొటనవేలితో గట్టిగా నొక్కండి. కరకరమంటే లోపల పొరలు విడిపోయినట్టే. వెనక సీటు దగ్గర కార్పెట్ లేపి తడి చూడండి. డిక్కీలో స్టెప్నీ గుంటను కూడా మర్చిపోకండి.

హాట్ హ్యాచ్‌లలో ఇంకో చిక్కుంది. కారును కిందికి దించి వెడల్పు చక్రాలు వేసుకున్నవాళ్లు, టైరు తగలకుండా ఆర్చీ అంచును లోపలికి మడిపిస్తారు. మడతలో పెయింటు, సీలర్ చిట్లి, నీళ్లు నేరుగా రెండు రేకుల మధ్యకు పోతాయి. అలా మడిచిన ఆర్చీ బయటికి నున్నగా ఉన్నా నమ్మకండి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. భారతదేశపు లైసెన్సు మీద ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలే నడపొచ్చు, తర్వాత ఇక్కడి టెస్టు రాసి పాసవ్వాలి. హాట్ హ్యాచ్‌కు, అందులోనూ కొత్త డ్రైవరుకు, ఇన్సూరెన్సు కారు ధరను మించిపోవచ్చు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే కొటేషన్ తీసుకోండి. పాత ఓనరు వేసిన ఎగ్జాస్టు, రీమ్యాపు (ఇంజిన్ కంప్యూటరు సెట్టింగుల మార్పు), పెద్ద చక్రాలు అన్నీ మీరే చెప్పాలి. చెప్పకపోతే క్లెయిము చెల్లదనే ప్రమాదం ఉంది. లండన్‌లో ఉంటే యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బళ్ల మీద రుసుము) నియమానికి ఆ కారు సరిపోతుందో లేదో నంబరు కొట్టి చూసుకోండి. సరిపోకపోతే రోజుకు 12.50 పౌండ్లు.

పని నెలలపాటు సాగేది కాబట్టి కారును "సార్న్" చేయాలి, అంటే రోడ్డు మీద వాడటం లేదని డీవీఎల్ఏకు (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) తెలియజేయాలి. సార్న్ చేసిన కారు మీ డ్రైవ్‌వేలోనో గ్యారేజీలోనో ఉండాలి, వీధిలో పెట్టకూడదు. ముందుగా బుక్ చేసిన ఎంఓటీకి నడుపుకుంటూ వెళ్లొచ్చు గానీ ఇన్సూరెన్సు ఉండాలి. అద్దె ఇంట్లో ఉంటే ఒప్పందంలో కార్ల రిపేరు గురించి ఏముందో ముందే చదవండి. ఈ ఒక్క విషయం దగ్గరే చాలామంది కొత్తవాళ్ల పని సగంలో ఆగిపోతోంది.

ఇప్పుడు అసలు పని. వేళ మే నుంచి సెప్టెంబరు మధ్య. ఎపాక్సీ ప్రైమర్ (రేకు మీద ముందుగా కొట్టే రక్షణ పూత) చలిలో సరిగా గట్టిపడదు. ఇక్కడి తేమకు శుభ్రం చేసిన ఉక్కు రాత్రికి రాత్రే గోధుమరంగు తిరుగుతుంది. కాబట్టి ఎంత మేర గీకారో అంతా అదేరోజు ప్రైమర్ కొట్టేయగలిగినంతే గీకండి.

కారును జాకీతో లేపి, సమనేల మీద యాక్సిల్ స్టాండ్ల మీద దించండి. ఇటుకలు, జాకీ ఒక్కటే ఆధారం, ఈ రెండూ ప్రాణాలు తీసేవే. స్టాండ్లను తుప్పుపట్టిన సిల్ కింద పెట్టకూడదు, సబ్‌ఫ్రేమ్ (అడుగున ఉండే గట్టి చట్రం) కింద, వెనక బీమ్ బిగింపుల దగ్గర గట్టి చోటు చూసి పెట్టాలి.

ఆర్చీల లోపలుండే ప్లాస్టిక్ లైనర్లు విప్పి, బురద కడిగి, బాగా ఆరనివ్వండి. పైపొర తుప్పును వైర్ వీల్‌తో, మిగతాది గ్రైండరుకు పెట్టే స్ట్రిప్పింగ్ డిస్కుతో తీయండి. గట్టి గ్రైండింగ్ డిస్కు వాడితే మంచి రేకు కూడా పలచనైపోతుంది. ఇక్కడ మీ ముందు రెండు దారులుంటాయి. రేకు గట్టిగా ఉండి పైన గుంటలు మాత్రమే పడితే రసాయనంతో సరిపోతుంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగిపోతే కోసి కొత్త రేకు వేయాల్సిందే.

గుంటల్లో నల్లటి చుక్కల్లా మిగిలే తుప్పును వైరు వీలు తీయలేదు, మెరుగు పెట్టి కప్పేస్తుంది. దానికి ఆమ్లపు జెల్ పూసి, ఎండిపోకుండా పైన ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి కొన్ని గంటలు వదిలేసి, నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఫాస్ఫారిక్ ఆమ్లమున్న ద్రవాలైతే డబ్బా మీద రాసినట్టు శుభ్రం చేయండి, మిగిలిపోయిన ఆమ్లం మీద ఎపాక్సీ పట్టు నిలవదు. ఫెర్టాన్ లాంటి టానిన్ మందులు వేరేలా పనిచేస్తాయి. తుప్పును నల్లటి స్థిరమైన పొరగా మారుస్తాయి, ఒక రోజు సమయం కావాలి, తర్వాత నీళ్లతో కడగాలి. ఇవేవీ పొరలు పొరలుగా లేచిన తుప్పుకు పనికిరావు. మందు పైపొరకు మాత్రమే అంది, కిందిది తన పని తాను చేసుకుపోతుంది.

వెల్డింగ్ దగ్గరికి వస్తే, ఎంఓటీ నియమం తెలుసుకోండి. సీటుబెల్టు, సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకు బిగింపులకు 30 సెంటీమీటర్లలోపు తుప్పు బలహీనత ఉంటే కారు ఫెయిలవుతుంది. అక్కడ ఫైబర్‌గ్లాసు, పుట్టీ, రివెట్లతో అతికిన రేకు చెల్లవు. అంచంతా ఎడతెగకుండా వెల్డ్ చేయాలి, ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ ఉన్నచోట మాత్రం స్పాట్ వెల్డ్ సరిపోతుంది. వెల్డింగ్ చేతకానివాళ్లు సిల్స్‌తో నేర్చుకోవడం మొదలుపెట్టకూడదు. ముందు పాత రేకు ముక్కల మీద అలవాటు చేసుకోండి, లేదా కోసి సిద్ధం చేసి వెల్డింగ్‌కు మనిషిని పిలవండి. రెండోదే చౌకగా తేలుతుంది చాలామందికి.

మీరే చేస్తే, గ్యాసుతో నడిచే మిగ్ వెల్డరు, 0.6 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్–కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం, 1 మిల్లీమీటరు మైల్డ్ స్టీలు రేకు వాడండి. గ్యాసు లేని ఫ్లక్స్ తీగ పలచటి రేకుకు పెద్ద చిల్లులు పెడుతుంది. తుప్పు కనబడిన అంచు దగ్గర ఆపకుండా ఇంకో 25 మిల్లీమీటర్ల దాకా కోసి, వెల్డరు నిప్పు తట్టుకునే మెరిసే రేకు దొరికేదాకా వెళ్లండి. రెండు వైపుల సిల్స్ ఒకేసారి కోయకండి. ఒక్కో వైపు, తలుపులు బిగించి ఉండగానే, తలుపు సందు చూసుకుంటూ చేయాలి. లేకపోతే బాడీ వంగి తలుపులు మూసుకోవు. రేకులు కలిసే అంచులకు జింక్ వెల్డ్-త్రూ ప్రైమర్ పూసి, చిన్న చిన్న చుక్కలుగా, ఒకచోట వేసి దూరంగా ఇంకోచోట వేస్తూ రండి. ఒకేచోట వేడెక్కితే రేకు ముడుచుకుపోతుంది. ఆర్చీలో ముందు లోపలి రేకు, తర్వాతే బయటి రేకు.

బ్యాటరీ తీగ తీసేయండి. సీట్లు, కార్పెట్, అడుగున అతికిన తారు షీట్లు తీసేయాలి, అవి మంటలు రేపుతాయి. సిల్ పక్కనే పోయే వైరింగు, పెట్రోలు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో చూసుకుని పక్కకు జరపండి. దగ్గర మంటలార్పే సిలిండరు, నీళ్లు ఉంచుకుని, పని ముగిశాక గంటసేపు అక్కడే ఉండండి. నిప్పురవ్వ లోపలి గదిలో మెల్లగా రాజుకుంటుంది, మీరు భోజనానికి వెళ్లాకే పొగ వస్తుంది.

వెల్డు గ్రైండ్ చేశాక ప్యానెల్ వైప్‌తో (జిడ్డు తీసే ద్రవం) తుడిచి రెండు పొరలు ఎపాక్సీ ప్రైమర్. రేకు ఉష్ణోగ్రత డ్యూ పాయింటు (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, లేకపోతే కంటికి కనబడని తడి మీద పెయింటు పడుతుంది. డబ్బా మీదున్న రీకోట్ గడువు (తర్వాతి పొర కొట్టాల్సిన వ్యవధి) దాటితే గరకు కాగితంతో రుద్దాకే రెండో పొర. ఆసిడ్ ఎచ్ ప్రైమర్, ఎపాక్సీ ఒకదానిమీద ఒకటి కొట్టవద్దు, ఏదో ఒకటే. అతుకులకు సీమ్ సీలర్ ఎపాక్సీ మీద పూయాలి, వట్టి రేకు మీద కాదు.

పుట్టీ 3 మిల్లీమీటర్లకు మించకూడదు. గట్టిపరిచే పేస్టు పుట్టీ బరువులో 2 శాతం చాలు, ఎక్కువైతే రంధ్రాలు పడి రంగుమచ్చ పైన పెయింటులోకి ఊరుతుంది. పుట్టీని నీళ్లతో రుద్దకండి, తేమ పీల్చుకుంటుంది. 80, 180 గరకు కాగితాలతో పొడిగా సమం చేసి, హైబిల్డ్ ప్రైమర్ కొట్టి, 400, 600 తడి కాగితాలతో నున్న చేయండి. పై రంగు, క్లియర్ కోటు మాత్రం దుకాణానికివ్వమని నా సలహా. గట్టిగా నిలిచే టూ-ప్యాక్ క్లియర్‌లో ఐసోసైనేట్లుంటాయి, స్ప్రే పొగ ఊపిరితిత్తులకు శాశ్వతంగా హానిచేస్తుంది, గాలి సరఫరా ఉన్న మాస్కు లేకుండా కొట్టకూడదు. సిద్ధం చేసే పని మీరు చేసి ఇస్తే ఖర్చులో పెద్ద వంతు మిగులుతుంది.

తర్వాతది చాలామంది వదిలేసే పని, నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది. సిల్ లోపలి గదులకు క్యావిటీ వ్యాక్స్ (తుప్పు రాకుండా లోపల చిమ్మే మైనం), 360 డిగ్రీలు చిమ్మే పొడుగాటి గొట్టంతో కొట్టాలి. వెల్డింగ్, పెయింటు అంతా పూర్తయ్యాకే చేయాలి. ముందే కొడితే వెల్డు వేడికి కాలిపోతుంది, కారిన మైనం పెయింటు పట్టును చెడగొడుతుంది. సిల్ అడుగున ఉండే నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా ఒకసారి తీగతో పొడవండి. కింద బిల్ట్ హ్యాంబర్ డైనాక్స్ యూసీ లాంటి మైనపు పూత మంచిది. గట్టిగా రబ్బరులా బిగిసే అండర్‌సీల్ వద్దు. అది చిట్లినచోట నీళ్లు దూరి లోపలే ఉండిపోతాయి, తుప్పు కనబడకుండా తినేస్తుంది.

మీరు కారు కింద పనిచేస్తుండగానే బ్రేకు పైపులు చూడండి. పొక్కులున్న ఉక్కు పైపుల స్థానంలో 3/16 అంగుళాల రాగి–నికెల్ పైపు వేయించండి. ఫ్లేరు చేయడం (పైపు చివర వెడల్పు చేసి బిగించడం) రాకపోతే ఈ పని గ్యారేజీకే వదలండి. వాడిన నూనె, బ్రేకు ద్రవం మురుగుకాలవలో పోయకూడదు, కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రంలో నూనె తీసుకుంటారు.

పని ముగిశాక కూడా ఏడాదికోసారి చూడాలి. చలికాలం పోగానే, ఏప్రిల్ ప్రాంతంలో, కింద ఆర్చీల లోపల పైపుతో కడిగి, ఆరాక వ్యాక్స్ పలచబడినచోట మళ్లీ పూయండి. ఆర్చీ లైనరు ఒకటి విప్పి అంచు లోపల వేలు పెట్టి చూడండి. తడి బురద చేతికి వస్తే, దాన్ని తీసి మైనం పూస్తే సరిపోయే దశలోనే ఉన్నారన్నమాట.