పాముల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పాముల మీద డౌట్లు ఉంటే పంపండి అన్నాం, కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఎక్కువమంది తిప్పి తిప్పి అడిగింది ఒకటే కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నా.

ప్రశ్న: తల త్రికోణంగా ఉంటే విషపాము, లేకపోతే మామూలు పాము అని మా మావయ్య గట్టిగా చెప్తాడు. కరెక్టేనా అండీ?

జవాబు: మీ మావయ్య ఒక్కడే కాదులెండి, చాలామంది నమ్మేది ఇదే. రక్తపింజర లాంటి వైపర్లకి తల వెడల్పుగా, మెడ సన్నగా ఉంటుంది కదా, ఆ మాట అక్కడ పుట్టింది. కానీ కట్లపాముని చూడండి, తలా మెడా కలిసిపోయి ఎంత అమాయకంగా ఉంటుందో, విషం మాత్రం నాగుపాము కంటే ఘాటు. నాగుపాము, సముద్రపు పాములు కూడా ఆ త్రికోణం లెక్కలోకి రావు. ఇంకో తమాషా ఏంటంటే విషం లేని పాములు కొన్ని భయమేస్తే దవడలు పక్కకి చాపి తలని త్రికోణంగా చేసి చూపిస్తాయి, ఎదుటివాడు జడుసుకుని పోవాలని. అంటే ఈ రూల్ నమ్ముకున్నవాడు కట్లపాముని చేత్తో పట్టుకుంటాడు, ఏ పాపం ఎరగని పాముని కర్రతో కొట్టి చంపుతాడు.

రంగు, చారలు చూసి చెప్పడమూ కష్టమే. వుల్ఫ్ స్నేక్ అని ఒకటుంది, విషం లేదు, కట్లపాములాగే ఒంటి మీద కట్లు ఉంటాయి. దాని కట్లు మెడ దగ్గర బాగా కనిపించి తోకవైపు మసకబారతాయి, కట్లపాముకి మెడ దాటాక మొదలై తోక చివరిదాకా ఉంటాయి. పైగా కట్లపాము వీపు మధ్యలో పెద్ద ఆరు పలకల పొలుసుల వరస ఉంటుంది. చీకట్లో టార్చ్ వేసి ఇవన్నీ ఎవరు చూస్తారు చెప్పండి!

అసలు తేడా కోరల్లో ఉంది. నాగుపాము, కట్లపాము, ఆఫ్రికాలో ఉండే మాంబా, సముద్రపు పాములు, ఇవన్నీ ఒక కుటుంబం, వీటి కోరలు పొట్టిగా పైదవడ ముందుభాగంలో ఉంటాయి, వెనక్కి మడవడం కుదరదు. వైపర్ల కోరలు పొడుగు, నోరు మూస్తే అంగిలికి ఆనుకుని మడుచుకుంటాయి, కాటేసేటప్పుడు ముందుకి లేస్తాయి. ఆఫ్రికాలో ఉండే గాబూన్ వైపర్ కోర దాదాపు 5 సెంటీమీటర్లు! మూడో రకానికి కోరలు నోటి వెనకవైపు ఉంటాయి, వీటిలో చాలావాటి వల్ల మనుషులకి పెద్ద ప్రమాదం లేదు, కానీ ఆఫ్రికాలో చెట్ల మీద ఉండే బూమ్‌స్లాంగ్ లాంటి పాము కరిస్తే రక్తం గడ్డకట్టక మనిషి పోతాడు. కొండచిలువలు, వాటిలాగే చుట్టేసి చంపే బోవాలు, జెర్రిపోతులకి విషపు కోరలు ఉండవు, వెనక్కి వంగిన మామూలు పళ్ళే. అయితే ఇదంతా చూడాలంటే పాము నోరు తెరిపించాలి కాబట్టి మీరు ట్రై చేయకండి. మొత్తం 4000 దాకా జాతులుంటే విషం ఉన్నవి 600 దాకా, అందులో మనిషికి గట్టిగా హాని చేసేవి 200 దాకా, అయినా తెలియని పాము కరిస్తే విషపామే అనుకుని హాస్పిటల్‌కి పరిగెత్తడమే.

ప్రశ్న: పాముకి ఎముకలు ఉంటాయా? అంత మెలికలు ఎలా తిరుగుతుంది?

జవాబు: ఎముకలు ఉండబట్టే తిరుగుతుంది. మనకి వెన్నుపూసలు 33, పాముకి జాతిని బట్టి సుమారు 200 నుంచి 400 దాకా, తోక భాగం వదిలేస్తే దాదాపు ప్రతి పూసకీ ఒక జత పక్కటెముకలు. ఒక్కో పూస దగ్గర వంగేది కొంచెమే, అన్నీ కలిస్తే మెలిక. ఇంత సన్నటి ఒంట్లో అవయవాలు పక్కపక్కన పట్టవు కదా, అందుకని మూత్రపిండాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, కుడి ఊపిరితిత్తి పొడుగ్గా సాగి ఉంటుంది, ఎడమది చాలా జాతుల్లో పేరుకే. ఒకప్పుడు కాళ్ళుండేవి, కొండచిలువలకీ బోవాలకీ మలద్వారం పక్కన రెండు చిన్న గోళ్ళలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి, అవి వెనక కాళ్ళ మిగులే.

ప్రశ్న: తలకంటే పెద్ద జంతువుని మింగడానికి దవడ ఊడదీసుకుంటుందట, నిజమా?

జవాబు: ఊడదీసుకోదు. కింది దవడ రెండు ముక్కలూ గడ్డం దగ్గర మనకిలా అతుక్కుని ఉండవు, సాగే లిగమెంట్‌తో (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ లాంటిది) కలిసుంటాయి, అందుకే ఎడమ ఒకసారి కుడి ఒకసారి ముందుకి జరుపుతూ ఆహారం మీదకి నోరే పాక్కుంటూ వెళ్తుంది. ఈలోపు ఊపిరాడాలి కదా, గాలి గొట్టం మూతిని బయటికి చాపుతుంది. ఇంకోటి, చుట్టేసి చంపే పాములు ఊపిరాడకుండా చేస్తాయని అనుకునేవాళ్ళం, 2015లో బోవాల మీద చేసిన ప్రయోగంలో ఎలుక రక్తప్రసరణ సెకన్లలోనే ఆగిపోతోందని తేలింది.

ప్రశ్న: పాముకి చెవులు లేవు, రెప్పలు లేవు. మరి ఎలా?

జవాబు: బయటి చెవి లేదంతే, లోపలి చెవి ఉంది, నేల అదురు దవడ ఎముక ద్వారా దానికి చేరుతుంది, గాల్లోంచి వచ్చే సన్నటి కీచు శబ్దాలు కాదుగానీ బొంగురు శబ్దాలు కొంత అందుతాయి. కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడుతుంది. నాలుకతో వాసన పడుతుంది.

ప్రశ్న: పూలకుండీ మట్టిలో వానపాములాంటిదే కానీ నల్లగా మెరుస్తూ చకచకా పాకేది కనిపించింది. పాము పిల్లా మేడమ్?

జవాబు: పిల్ల కాకపోవచ్చు, గుడ్డిపాము అయి ఉంటుంది, పూర్తిగా ఎదిగినా మహా అయితే జానెడు. వానపాముకి ఒంటినిండా ఉంగరాల్లాంటి గీతలుంటాయి, దీనికి నున్నటి పొలుసులు, కళ్ళ చోట రెండు చుక్కలు. ఈ జాతిలో అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి, అందుకే మొక్కల కుండీల్లో ఒక్కటి ఎక్కి వెళ్ళినా చాలు, కొత్త దేశంలో సంతతి మొదలైపోతుంది. విషం లేదు, చీమల గుడ్లు, చెదలు తిని బతుకుతుంది. కుండీలోనే వదిలేయండి.