తొలిచూలు ఆవు బెదురు మాన్పడం ఎలా?

రైతు సందేహం: తొలిచూలు ఆవును కొనుక్కొచ్చి పన్నెండు రోజులైంది. మందతో బయట తిరిగి పెరిగింది, మనిషి చేయి ఎరగదు. వచ్చిన నాలుగో రోజు ఈనింది, కోడెదూడ పుట్టింది. దగ్గరికి వెళ్తే గుంజ చుట్టూ తిరుగుతుంది, పొదుగు ముట్టుకుంటే తన్నుతుంది. వెనక కాళ్లు కట్టేసి పితుకుతున్నాం. ఓర్పు చాలక రెండుసార్లు కొట్టాం కూడా, ఆ పూట పాలు తగ్గాయి. పాలు ఎగచేపుతోంది, అంటే దిగనివ్వకుండా బిగబడుతోంది. దీన్ని మచ్చిక చేసుకునే దారి చెప్పండి. ఇంకో మాట: చేను గట్టున పొదలో జింకపిల్ల ఒంటరిగా పడుకుని ఉంది. తెచ్చి దూడతోపాటు పెంచవచ్చా?

నిపుణుల సలహా: ఆవు నొప్పితో తన్నుతోందా, భయంతో తన్నుతోందా అన్నది ముందు తేల్చుకోండి. మీరు వంగీ వంగకముందే, చేయి తగలకుండానే కాలు ఎత్తితే అది భయం. మూడు చన్నులకు ఊరుకుని నాలుగోదాన్ని పట్టుకున్నప్పుడే తన్నితే నొప్పి. తొలి ఈతలో పొదుగుకు నీరు దిగి గట్టిపడటం మామూలే, తాకితే సలుపుతుంది. ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. విరిగిన పాలలా తునకలు పడినా, పొదుగులో ఒక భాగం వేడిగా, రాయిలా ఉన్నా పొదుగువాపే. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. చన్ను పగుళ్లు, పితికేవారి గోళ్లు కూడా చూసుకోండి. బొటనవేలు మడిచి చన్ను లాగి పితికే అలవాటుంటే మానేసి, పిడికిలి నిండా పట్టి పిండండి. నొప్పి తగ్గకుండా మచ్చిక మొదలుపెడితే పని జరగదు.

ఎగచేపడాన్ని దొంగబుద్ధి అనుకుంటారు గానీ, అది ఆవు చేతిలో లేదు. పితకబోయే వేళకు పొదుగు అడుగున నిలవుండే పాలు ఆవులో ఐదో వంతు మాత్రమే, గేదెలో ఇంకా తక్కువ. మిగతావి పై గదుల్లో ఉంటాయి. చన్నులను తుడిచి మర్దన చేస్తే, లేదా దూడ నోరు తగిలితే మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, ఒక నిమిషంలో పొదుగు చేరి, ఆ గదులను పిండుతుంది. దాని ప్రభావం ఐదారు నిమిషాలకు మించి బలంగా నిలవదు. భయపడితే అడ్రినలిన్ అనే మరో హార్మోన్ పుట్టి ఆ పనిని అడ్డుకుంటుంది. మీరు కొట్టిన పూట పాలు తగ్గింది అందుకే. బెదిరిన పశువు గుండె మళ్లీ కుదుటపడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది కాబట్టి రభస జరిగిన వెంటనే పితకడానికి కూర్చోకండి. చేపు (పాలు దిగడం) కోసం రోజూ ఆక్సిటోసిన్ సూది వేయించే ఆలోచన అసలు వద్దు. సూదికి అలవాటుపడితే అది లేకుండా చేపదు, భయమా అలాగే ఉండిపోతుంది.

ఆవు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఒళ్లు కదలకుండానే చుట్టూ దాదాపు అంతా చూస్తుంది, సరిగ్గా తోక వెనక భాగం తప్ప. అటునుంచి వెళ్తే తన్నక ఏం చేస్తుంది? లోతు అంచనా దానికి తక్కువ, వెలుతురులోంచి చీకట్లోకి వస్తే కళ్లు సర్దుకోవడం ఆలస్యం. కొట్టం గుమ్మంలో నీడ పడినా, కాలవ అడ్డొచ్చినా ఆగి, తల దించి చూస్తుంది. అక్కడ వెనకనుంచి అదిలించకండి, చూడనివ్వండి. (ఎర్రచొక్కాకు బెదురుతుందన్నది వట్టి మాట. ఎరుపు దానికి సరిగా ఆనదు, బెదిరేది విసురుగా కదిలే గుడ్డకు.) మనకు వినపడని సన్నని చప్పుళ్లు కూడా దానికి వినిపిస్తాయి. ఈలలు, బకెట్ల మోత, అరుపులు తగ్గించండి.

ఇక మచ్చిక. ఇంట్లో ఒక్కరే పూనుకోవాలి, కొట్టినవారు కాకుండా వేరొకరు. రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున, ఒకే వేళకు, ఒకే రకం బట్టలతో వెళ్లాలి. వెనక కాకుండా భుజం వైపునుంచి, మెల్లగా మాట్లాడుతూ నడవండి. ఏదో ఒక దూరంలో ఆవు తల ఎత్తి, నమలడం ఆపి, మీ వైపు చెవులు నిక్కిస్తుంది. దాని హద్దు అదే. ఇంకో అడుగు వేస్తే జరిగిపోతుంది. హద్దు బయటే ఆగి, పక్కకు తిరిగి కూర్చోండి, కళ్లలోకి తేరిపార చూడకండి. చెవులు వాల్చి మళ్లీ నమలడం మొదలెట్టగానే మీరే ఒక అడుగు వెనక్కి వేయండి. చాలామంది సరిగ్గా ఇక్కడే ముందుకు వెళ్లి పాడుచేస్తారు. కదలకుండా నిలబడితే మనిషి తప్పుకుంటాడని ఆవుకు తెలియడమే ఈ పనిలో అసలు పాఠం. గాడిలో గుప్పెడు దాణా వేసి దూరం జరగండి. మేత ఆశతో మెడ చాచినా కనుగుడ్డు చుట్టూ తెలుపు కనిపిస్తుంటే, పలచగా పేడ వేస్తుంటే ఇంకా భయపడుతున్నట్టే.

చేతికి అందే దూరం వచ్చాక మొదట చేయి పెట్టకండి. బారెడు కర్రకు చివర మెత్తటి గుడ్డ చుట్టి, దానితో మూపు మీద రుద్దండి. ఓర్చుకుంటే చేతితో మెడ అడుగున, గంగడోలు మీద, తోక మొదట్లో రుద్దండి. ఆవులు ఒకదాన్నొకటి నాకేది మెడ, మూపుల దగ్గరే. వేగం కూడా ఆ నాలుకదే: సుమారు సెకనుకు ఒకసారి, కాస్త ఒత్తి. తట్టడం, చరచడం వద్దు. ఇష్టమైతే మెడ చాచి చెవులు వేలాడేస్తుంది.

అక్కడినుంచి డొక్కకు, తొడకు, పొదుగుకు రావడం రోజుల పని. పొదుగు దగ్గర మళ్లీ గుడ్డ కర్రే వాడండి, ఎందుకంటే తన్నగానే చేయి లాక్కుంటే తన్నితే పోతుందన్న పాఠం మీరే నేర్పినట్టు. కర్ర అయితే తన్నినా అలాగే ఆనించి ఉంచవచ్చు, కాలు దించి నిలబడిన క్షణాన తీసేయవచ్చు. అసలు తన్నేదాకా తెచ్చుకోకుండా, ఒళ్లు బిగిసినప్పుడే ఆపడం మేలు.

ఈలోగా పితకడం ఆపలేం, ఆపితే పొదుగు చెడుతుంది. దూడను చీకనిచ్చి చేపు రాగానే తల్లి మూతి ముందు కట్టండి, నాకుతూ ఉంటుంది. పితికేవారు డొక్కకు ఆనుకుని కూర్చోవాలి. ఆవు కాలు ముందుకు, పక్కకు విసురుతుంది కాబట్టి అరచేయి దూరంలో కంటే మూరెడు దూరంలో దెబ్బ గట్టిగా తగులుతుంది. తప్పనిసరైన పూట కాళ్లు కట్టినా, కట్టేవారూ సూది వేసేవారూ మచ్చిక చేసే మనిషి కాకూడదు. పశువు మనుషులను విడివిడిగా గుర్తుపడుతుంది, చోటును కూడా. వైద్యం పాలు పితికే చోట చేయించకండి.

రెండు మూడు వారాల్లో బెదురు తగ్గాలి. పాత భయం పూర్తిగా చెరిగిపోదు, మళ్లీ ఒక్క దెబ్బ పడితే తిరిగొస్తుంది.

కోడెదూడతో పిల్లలను జాగ్రత్తగా ఉంచండి. ముద్దుగా ఉందని నుదురు నెట్టి ఆడిస్తే కుమ్మడం నేర్చుకుంటుంది. మనిషి అంటే భయమే లేకుండా, తోటి దూడలు లేకుండా పెరిగిన కోడె రెండేళ్లకు బెదురు కోడె కంటే ప్రమాదం. మెడ గోకండి, నుదురు ముట్టుకోకండి, మిగతా దూడలతో కలిపి పెంచండి.

జింకపిల్లను తేవద్దు. అది తప్పిపోయి ఉండకపోవచ్చు. తల్లి పిల్లను పొదలో దాచి దూరంగా మేస్తూ, పాలివ్వడానికి మాత్రమే వస్తుంది. మందలో ఆవులు కూడా ఈనిన కొత్తలో దూడను అలాగే దాస్తాయి. పాలు పట్టి పెంచినా అది ఆవుదూడలా ఇంటి పశువు కాదు. మగదైతే ఎదకాలంలో పెంచినవారినే కొమ్ములతో పొడుస్తుంది. గాయం ఉన్నా, తల్లి చచ్చిందని తెలిసినా అటవీ సిబ్బందికి చెప్పండి. ఒకవేళ ఇప్పటికే ఎత్తుకొచ్చి ఉంటే ఈ పూటే అదే పొదలో పెట్టి రండి. మనిషి వాసన తగిలినంత మాత్రాన తల్లి వదిలేయదు. కానీ మీరు చుట్టుపక్కల తచ్చాడుతుంటే దగ్గరికి రాదు, కుక్కలను కట్టేసి అటువైపు వెళ్లకండి.