పాప సీరియళ్లలో నటిస్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మా పాప ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ. రీల్స్ బాగా చేస్తుంది. టీవీ సీరియళ్లలోకి పోతానంటోంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ మూడు నెలల శిక్షణకు లక్షన్నర అడుగుతోంది, వేషం ఖాయమట. బీకాం మేలా, ఇది మేలా? చెడిపోతుందేమోనని భయమేసి ఫోన్ తీసేసుకున్నాను. నెల నుంచి నాతో మాట్లాడటం లేదు. - ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ముందు ఆ లక్షన్నర కట్టకండి. వేషం ఇచ్చేది నిర్మాణ సంస్థ, ప్రధాన పాత్రలకు సరేననేది ఛానెల్. శిక్షణ సంస్థ చేతిలో వేషాలుండవు. ఆడిషన్‌కు డబ్బు కట్టించుకోరు. నటులకు వేషాలు కుదిర్చే కోఆర్డినేటర్ కమీషన్ తీసుకున్నా, అది వేషం దొరికాక వచ్చే పారితోషికంలోంచే. రిజిస్ట్రేషన్ అనీ, ఫోటోషూట్ ప్యాకేజీ అనీ ముందే అడిగితే లేచి వచ్చేయండి.

సీరియల్ నటన రోజు లెక్కన జీతం వచ్చే పని. మీ పాపలాంటి కొత్తవాళ్లకు మొదట దొరికేది హీరోయిన్ స్నేహితురాలో, ఆడపడుచో. నెలలో నాలుగైదు రోజుల షూటింగ్ ఉంటే గొప్ప. ఆ డబ్బు కూడా టీడీఎస్ అని ముందే కోసే పది శాతం పన్ను పోగా, చాలాచోట్ల రెండు మూడు నెలలకు గానీ ఖాతాలో పడదు. ఈలోగా హాస్టల్ అద్దె, ఆటో ఖర్చు, చీరలు ఎవరు పెట్టుకోవాలి? చిన్న పాత్రలకు బట్టలు చాలావరకు సొంతవే. సీన్ సగంలో ఆగితే, అది పూర్తయ్యేదాకా కంటిన్యుటీ కోసం, అంటే సీన్ అంతా ఒకేలా కనబడటానికి, ఆ చీరనూ గాజులనూ అట్లే దాచాలి. గురువారం వచ్చే రేటింగ్ తగ్గితే కథ మలుపు తిరుగుతుంది, పాత్ర మాయమవుతుంది. 2020 మార్చిలో షూటింగులు ఆగినప్పుడు రోజు లెక్కన బతికేవాళ్లకు పూర్తిగా ఆదాయం పోయింది. హీరోయిన్ పాత్రలకేమో బెంగళూరు నుంచి వచ్చి, డబ్బింగ్ గొంతుతో నెగ్గుకొస్తున్నవాళ్లు చాలామంది. ఈ దారి మీద నాకున్న అనుమానాలివి, దాచను.

రీల్స్‌లో రాణించిన పిల్లలు సెట్లో తడబడేది ఒకచోట. డైలాగ్ పేజీ అప్పటికప్పుడు చేతికొస్తుంది, లేదా పక్కనుంచి ప్రాంప్టింగ్ చెబుతారు. ఆ మాట చెవిన పడగానే సొంత మాటలా పలకాలి. సీన్ మొత్తాన్ని ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో ఏ పదం దగ్గర ఏడ్చిందో, క్లోజప్‌లోనూ అక్కడే ఏడవాలి. ఇది నాటకాలాడితే వస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. ‘చెడిపోతుందేమో’ అన్న మాట మీరు రాయకూడనిది. 1885లో సురభి నాటక సమాజం పుట్టింది మన కడప జిల్లాలోనే. అక్కడ ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు, తరతరాలుగా కుటుంబాలు గౌరవంగా బతికాయి. మీ భయం పాప భద్రత గురించైతే అది న్యాయమే. కానీ ఫోన్ లాక్కుంటే భద్రత రాదు. రేపు ఎవడో రాత్రిపూట హోటల్‌కు ఆడిషన్‌కు రమ్మంటే, ఆమె మొదట చెప్పాల్సింది మీకే. నెల నుంచి మాటల్లేని నాన్నకు చెబుతుందా? ఫోన్ ఈ రోజే ఇచ్చేయండి. ఆడిషన్‌కు పగటిపూట, ఆఫీసుకే, తోడుగా మీరే వెళ్లండి.

బీకాం ప్రొద్దుటూరులోనే చదవనివ్వండి. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ వకీలుగా ఉంటూనే మహానటుడయ్యాడు. ఈ మూడేళ్లలో ఆమె కనీసం ఆరు నాటకాల్లో వేషం వేయాలి. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా డిగ్రీతోపాటు ఆ అనుభవమూ అడుగుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, దానికీ డిగ్రీ కావాలి. మన యాసకు సిగ్గుపడనక్కర్లేదు. సీరియళ్ల భాషా నేర్చుకుని రెండూ పలికితే డబ్బింగ్ పనికీ దారి ఉంటుంది.

ఈ ఆదివారం పొద్దున మేడ మీద, మేకప్ లేకుండా, పేరు, వయసు, ఎత్తు చెప్పి ఒక నిమిషం నటించమనండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, ఆడిషన్లకు పంపే ఆ వీడియో మీరే తీయండి.