ఎన్‌డీఐఎస్ డబ్బు మీ బాబుది, ప్రొవైడర్‌ని ఎంచుకునేది మీరు

ప్రశ్న: నమస్తే మేడం. మేం మెల్‌బోర్న్ టార్నీట్‌లో ఉంటాం, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చి ఆర్నెల్లయింది. బాబుకి నాలుగున్నరేళ్లు, మాటలు సరిగ్గా రాలేదు, కిండర్ (బడికి ముందు క్లాసు) టీచర్ ఎన్‌డీఐఎస్‌కి, అదే వైకల్యం ఉన్నవాళ్ల సాయానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బిచ్చే పథకానికి, అప్లై చేయమంటోంది. ఇద్దరం ఐటీలోనే, జీతాలు బానే ఉన్నాయి కాబట్టి మాకివ్వరని, పైగా సెంటర్‌లింక్ (ప్రభుత్వ భత్యాలిచ్చే ఆఫీసు) లాగా దీనికీ కొన్నేళ్లు ఆగాలని తెలిసినవాళ్లు అంటున్నారు. ఆటిజమా కాదా అన్నది డాక్టర్ ఇంకా తేల్చలేదు. ఈలోపు మన తెలుగువాళ్లదే ఒక సంస్థ, థెరపీ, ప్లాన్ మేనేజ్‌మెంట్, అన్నీ మేమే చూసుకుంటాం, ఇప్పుడే సంతకం పెట్టండి అంటున్నారు. పెట్టేయమంటారా?

జవాబు: పెట్టొద్దు తల్లీ. ప్లాన్, అంటే బాబుకి దేనికెంత డబ్బో ఎన్‌డీఐఎస్ రాసిచ్చేది, ఇంకా రానేలేదు, ఎంతిస్తారో దేనికిస్తారో తెలియకుండా అగ్రిమెంట్ దేనికి?

జీతం సంగతి మర్చిపోండి, ఎన్‌డీఐఎస్‌లో ఆదాయం, ఆస్తి చూడరు. పీఆర్ వచ్చాక వెయిటింగ్ పీరియడ్ కూడా లేదు, అది సెంటర్‌లింక్ పేమెంట్లకి ఉండే రూలు, రెండూ కలిపేసి మనవాళ్లు అందర్నీ భయపెట్టేస్తుంటారు. వాళ్లు చూసేది వయసు 65 లోపు ఉందా, ఆస్ట్రేలియాలో ఉంటూ సిటిజన్‌షిప్‌గానీ పీఆర్‌గానీ ఉందా (న్యూజిలాండ్ వాళ్లలో కొందరికీ వర్తిస్తుంది), వైకల్యం శాశ్వతమైనదేనా, రోజువారీ పనులకి ఎంత అడ్డమవుతోంది, ఇవే. ఆరేళ్లలోపు పిల్లలకి ఇంకో దారి ఉంది, డెవలప్‌మెంటల్ డిలే (ఎదుగుదలలో ఆలస్యం) కింద వెళ్లొచ్చు, దానికి డయాగ్నసిస్ ఉండి తీరాలని లేదు. అందుకే ఆటిజం తేలేదాకా ఆగుదాం అనుకుంటూ ఆ ఆరేళ్లూ దాటనివ్వకండి. మీ ఏరియాలో ఎర్లీ చైల్డ్‌హుడ్ పార్ట్‌నర్ (చిన్నపిల్లల కోసం ఎన్‌డీఐఎస్ తరఫున పనిచేసే సంస్థ) ఎవరో 1800 800 110 కి ఫోన్ చేస్తే చెప్తారు, అప్లికేషన్‌కి సాయం కూడా వాళ్లే చేస్తారు.

రిపోర్టుల్లో ఉత్తినే "మాటలు ఆలస్యం" అని రాస్తే సరిపోదు. దాహమేస్తే బాబు నీళ్లు అడగలేక మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తున్నాడా, కిండర్‌లో టాయిలెట్‌కి వెళ్లాలని చెప్పలేక ప్యాంట్ తడుపుకుంటున్నాడా, ఇలాంటివి స్పీచ్ థెరపిస్టుకి, పీడియాట్రిషియన్‌కి విడమరిచి చెప్పి రాయించుకోండి. బిడ్డ గురించి తక్కువ చేసి చెప్తున్నామే అని మనసు లాగుతుంది, నిజమే, కానీ దాచిపెడితే నష్టపోయేది వాడే. కాదన్నారనుకోండి, 3 నెలల్లోపు రివ్యూ అడగొచ్చు, అక్కడా కాదంటే ట్రిబ్యునల్ ఉంది.

ఇక ప్రొవైడర్, అంటే థెరపీలాంటి సేవలిచ్చేవాళ్ల విషయం. ప్లాన్ డబ్బు నడపడానికి మూడు పద్ధతులు. ఎన్‌డీఐఎస్ నడిపే ప్రభుత్వ ఏజెన్సీకే వదిలేస్తే రిజిస్టర్డ్ ప్రొవైడర్ల దగ్గరికే వెళ్లాలి. ప్లాన్ మేనేజర్‌ని పెట్టుకుంటే బిల్లులు వాళ్లు కడతారు, రిజిస్టర్ కాని మంచి థెరపిస్టు దగ్గరికైనా వెళ్లొచ్చు, ప్లాన్ మేనేజర్ ఫీజు ప్లాన్‌లో విడిగా ఇస్తారు, థెరపీ డబ్బులోంచి పోదు. మూడోది సెల్ఫ్ మేనేజ్, ఇన్‌వాయిసులన్నీ మీరే దాచి లెక్క చెప్పాలి. నన్నడిగితే మొదటి ఏడాదికి రెండోదే నయం. అయితే థెరపీ ఇచ్చేవాళ్లే బిల్లులు కట్టేవాళ్లు కూడా అయితే, రాని సెషన్‌కి బిల్లేస్తే ఆపేదెవరు? ఆ రెండూ వేరేవేరే చోట్ల పెట్టుకోండి. సంతకానికి ముందు ఇవడగండి: గంట రేటెంత, రాకపోకల టైముకి, రిపోర్టు రాసే టైముకి కూడా వేస్తారా, బాబుకి జ్వరమొచ్చి క్యాన్సిల్ చేస్తే ఎంత కట్ చేస్తారు, మానేయాలంటే ఎన్నిరోజుల ముందు చెప్పాలి. స్పీచ్ థెరపీ గంట రేటు పరిమితి 2025-26లో 194 డాలర్లకి దగ్గర్లో ఉండేది, ఇలాంటివన్నీ కలిస్తే ఏడాది ప్లాన్ ఆర్నెల్లకే అయిపోతుంది. తెలుగులో మాట్లాడే థెరపిస్టు దొరికితే అదృష్టమే, కాదనను, కానీ మనవాళ్లే కదా అని మొహమాటానికి సంతకం పెట్టకండి. వాళ్లు నచ్చకపోతే అగ్రిమెంట్ ప్రకారం చెప్పి మారిపోవచ్చు, ప్లాన్ మీతోనే ఉంటుంది. ఇబ్బంది పెడితే ప్రొవైడర్ల మీద ఫిర్యాదులు చూసే క్వాలిటీ అండ్ సేఫ్‌గార్డ్స్ కమిషన్‌కి 1800 035 544 లో చెప్పండి.

ప్రశ్న: మా అత్తయ్యగారికి 67, పేరెంట్ వీసా మీద వచ్చారు, పోయినేడు పక్షవాతం వచ్చింది. ఆవిడకి ఎన్‌డీఐఎస్ వస్తుందా?

జవాబు: రాదండి, 65 దాటాక కొత్తగా చేరనివ్వరు, ముందే చేరినవాళ్లయితే కొనసాగొచ్చు. మీరు అడగాల్సింది పెద్దవాళ్ల సంరక్షణ చూసే ప్రభుత్వ సేవ మై ఏజ్డ్ కేర్‌ని, 1800 200 422. అక్కడ మాత్రం ఆదాయం, ఆస్తి చూసి కొంత కట్టించుకుంటారు. అత్తయ్యగారికి ఇంగ్లీషు ఇబ్బందైతే ప్రభుత్వ అనువాద సేవ 131 450 కి చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి, మధ్యలో మీరు చెప్పడం కంటే ఆవిడ బాధ ఆవిడ నోటే చెప్పుకోవడం మంచిది.