సరిహద్దు గోడకు పాఠకుణ్ణి పంపే ముందు

చి. మాధవికి, ఆశీస్సులు.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ బ్రిటన్‌లో కట్టించిన సరిహద్దు గోడ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. క్రీ.శ. 122లో పని మొదలవడం, ఉత్తర ఇంగ్లండ్‌లో ఈ తీరం నుంచి ఆ తీరం దాకా సుమారు 117 కిలోమీటర్ల పొడవు, 1987లో యునెస్కో గుర్తింపు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా పేచీ అంతా చివరి పేరాతోనే. జీవితంలో ఒక్కసారైనా చూసి తీరాలని రాసి ఊరుకున్నావు. ఎప్పుడు వెళ్లాలో, ఎక్కడ అడుగు పెట్టకూడదో చెప్పకుండా రమ్మని పిలవడానికి కరపత్రం చాలు.

గోడ వెంబడి 2003లో తెరిచిన 135 కిలోమీటర్ల కాలిబాట చాలాచోట్ల పచ్చిక మీదుగానే సాగుతుంది. ఇంకా తవ్వని రోమన్ అవశేషాలు ఆ పచ్చిక కిందే ఉన్నాయి. చలికాలంలో నేల నానిపోయి ఉన్నప్పుడు అందరూ ఒకే జాడలో నడిస్తే గడ్డి చచ్చి, మట్టి కోసుకుపోయి, పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా భద్రంగా ఉన్నది బయటపడి పాడవుతుంది. అందుకే అక్కడివాళ్లు నడిచేవారిని ఒకరి వెనుక ఒకరు కాకుండా పక్కపక్కనే నడవమని, గోడ ఎక్కవద్దని, చలికాలంలో కాలిబాటకు బదులు కోటలూ మ్యూజియంలూ చూడమని కోరతారు. దారిపొడవునా ముద్రలు వేయించుకునే చిన్న పుస్తకం కూడా మే నుంచి అక్టోబరు వరకే చెల్లుతుంది. ఈ సంగతి తెలిస్తే పాఠకుడు తన ప్రయాణం తేదీలు తానే మార్చుకుంటాడు.

గోడకు కొంచెం దక్షిణాన ఉన్న విండోలాండా కోటను నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు, అది అన్యాయం. 1973 నుంచి అక్కడ పలుచని చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరుకుతున్నాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు సల్పీషియా లెపిడీనాను పిలిచిన ఉత్తరం వాటిలో ఒకటి. లేఖకుడు రాసిన దాని చివర ఆవిడ స్వహస్తాలతో నాలుగు మాటలు చేర్చింది. ఇంకో పలకలో ఎవరికో పంపిన మేజోళ్లు, చెప్పులు, లోదుస్తుల లెక్క ఉంది. సైన్యాల వర్ణన తగ్గించి వీటిని రాయి. ఆ స్థలాన్ని నడిపేది 1970లో ఏర్పడిన స్వచ్ఛంద ట్రస్టు, సందర్శకుల టికెట్ల డబ్బే తవ్వకాలకు ఆసరా. పాఠకుడు అక్కడ ఒక పూట గడిపి, దగ్గరి ఊళ్లో రాత్రి బస చేసేలా రాయగలిగితే గోడకూ ఊరికీ కూడా మేలు.

కారు లేనివారికి గోడ వెంట ఏడీ 122 అనే బస్సు ఉంది, దాని ప్రస్తావన చేర్చు. వేళలు మారుతుంటాయి కనుక అచ్చుకు పంపే ముందు ఒకసారి సరిచూసుకో.