కారు ఇంజిన్ విప్పి మళ్లీ బిగించడం కొత్తవాళ్లు ఎలా నేర్చుకోవాలి?

పాత మారుతి 800 ఇంజిన్‌తో మొదలుపెట్టండి. 796 సీసీ, మూడే సిలిండర్లు, గజిబిజి తక్కువ. రోజూ నడిపే కారు జోలికి మాత్రం పోకండి. స్క్రాప్‌లో దొరికేది తెచ్చుకుంటే టెన్షన్ ఉండదు.

విప్పడం ఎవరైనా విప్పుతారు. ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోవడమే అసలు పని. ముఖ్యంగా కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) క్యాపులు: ఒకదానిది ఇంకోదానికి వేయకూడదు, తిప్పి కూడా వేయకూడదు.

తర్వాత కొలతలు. ఈ ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 68.5 మి.మీ. సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట క్రాంక్ వరసలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి బోర్ గేజ్‌తో కొలవాలి. అరుగుదల ఎక్కువగా పిస్టన్ పై రింగు పైకెళ్లి వెనక్కి మళ్లే చోటే; బాగా అరిగితే దాని పైన గోటికి చిన్న గట్టు తగులుతుంది. అప్పుడు బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను కాస్త పెద్దగా చెక్కడం) తప్పదు. ఆ పని, హెడ్ ఫేసింగ్ (సిలిండర్ హెడ్ అడుగును చదును చేయడం) రెండూ మెషిన్ షాపువాళ్లకే ఇవ్వండి, ఇంట్లో అయ్యేవి కావు.

బిగించేటప్పుడు పిస్టన్ రింగుల గ్యాపులు ఒకే వరసలోకి రాకూడదు. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లోని లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించాలి. టైమింగ్ బెల్టు వేసి, క్రాంక్, క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) పుల్లీల మీది టైమింగ్ మార్కులు కలిశాక, స్టార్టర్ ముట్టకుండా, క్రాంక్‌ని పానాతో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా తట్టుకుంటే బలవంతం చేయకుండా బెల్టు మళ్లీ తీసి చూడండి.