జంట కలిసిపోతే సీరియల్ చప్పబడుతుందా?

ఇష్టంగా చూసే సీరియల్లో హీరోహీరోయిన్లు ఒకటయ్యాక చూడబుద్ధి కావడం లేదని, అసలు ఈ ప్రేమ ట్రాకులే సీరియళ్ళను పాడుచేస్తున్నాయా అని మీరు అడిగారు. నేను చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని తెలుగు సీరియళ్ళు, పెద్దయ్యాక సొంతంగా కొరియన్ డ్రామాలు చూస్తూ వస్తున్నదాన్ని. నాకు అర్థమైనంతలో జంట కలవడం వల్ల ఏ సీరియలూ పాడవదు. వాళ్ళని కలవనివ్వకుండా ఉంచడానికి వేరే దారి దొరక్క ఆ మనుషుల గుణాన్నే మార్చేసిన రోజున పాడవుతుంది.

మనందరికీ తెలిసిన 'కార్తీక దీపం' సంగతే చూడండి. 2017 అక్టోబర్‌లో స్టార్ మాలో మొదలై 2023 జనవరిలో అయిపోయింది. పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. దీపగా చేసిన ప్రేమి విశ్వనాథే అక్కడా మొదట్లో ఆ పాత్ర వేసింది. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకి పెట్టారు, సరిగ్గా సీరియల్ వచ్చే టైముకి. చాలా ఇళ్ళలో రిమోట్ కోసం గొడవలయ్యాయి. మా ఇంట్లో గొడవ కూడా లేదు, తమ్ముడు నోరెత్తకుండా ఫోన్లో చూసుకున్నాడు.

జనం అంతగా అతుక్కుపోయింది పాటలూ షికార్లూ చూసి కాదు. నల్లగా ఉందని చిన్నప్పటి నుంచి మాటలు పడ్డ దీపని కార్తీక్ అనే డాక్టర్ కోరి పెళ్ళి చేసుకున్నాడు. అతని మీద కన్నేసిన తోటి డాక్టర్ మోనిత, నీకు పిల్లలు పుట్టరని అబద్ధపు రిపోర్టు చూపిస్తే నమ్మి, కడుపుతో ఉన్న భార్యని అనుమానించాడు. దీప బయటికొచ్చి వంటలు చేసుకుంటూ కూతురు శౌర్యని పెంచింది. కవలల్లో ఇంకో పిల్ల హిమ, ఎవరి కూతురో తెలియకుండానే అతని దగ్గర పెరిగింది. ఇక్కడ ప్రేమంటే ఒకే ఒక్క ప్రశ్న: ఇతను ఈమెని నమ్ముతాడా, నమ్మడా? మా అమ్మ ఎదురుచూసింది వాళ్ళు ఒక గదిలో పడుకోవడం కోసం కాదు, అతను తలదించుకుని "తప్పు నాదే" అనే రోజు కోసం.

ఒక చిన్న విషయం గుర్తుంది. దీప మొగుణ్ణి 'డాక్టర్ బాబు' అనే పిలుస్తుంది, ఊళ్ళో వాళ్ళు పిలిచినట్టే. ఇంట్లోంచి గెంటించుకున్నాక కూడా అదే పిలుపు. అమ్మ వంటింట్లో పోపు వేస్తూ, స్క్రీన్ చూడకుండానే, ఆ పిలుపుని బట్టి చెప్పేసేది: "ఇవాళ కోపంగా ఉంది", "ఇవాళ బతిమాలుతోంది", "ఇవాళ వాడి మీద జాలి పడుతోంది." ఆ స్త్రీ మనసు మాకు అంత బాగా తెలిసిపోయింది. ఒక పాత్రని ప్రేక్షకులు అంత దగ్గరగా ఎరిగాక, ఆమె తరఫున వాళ్ళకి ఒక హక్కు వస్తుంది. ఆమె ఏం చేస్తుందో, ఏం చెయ్యదో రచయితతో సమానంగా వాళ్ళూ చెప్పగలరు.

మొదటి రెండేళ్ళూ కార్తీక్ అనుమానాన్ని మేం నమ్మాం. చదువు, డబ్బు, పేరు అన్నీ ఉన్న మగవాడు తనలో లోపం ఉందన్న మాటని ఒక డాక్టరమ్మ నోట వింటే ఎంత కుంగిపోతాడో, ఆ కుంగుబాటు పెళ్ళాం మీద ఎలా తిరుగుతుందో మన చుట్టుపక్కల చూస్తూనే ఉంటాం. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఒకే ప్రశ్న ఊరంతా అడగడం మొదలుపెట్టింది. మా పెద్దమ్మ మాటల్లో: "వాడూ డాక్టరే కదే, ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే పోలా?" ఆ ప్రశ్న వచ్చిందంటే ప్రేక్షకుడు మనిషిని చూడడం మానేసి, వెనకాల తాడు లాగుతున్న చేతిని చూస్తున్నాడన్నమాట. అనుమానం అతని గుణంగా ఉన్నంతకాలం అది కథ. కథ అయిపోకుండా కాపలా కాయడానికి పెట్టుకున్నదని తెలిశాక, అతని బాధ మాకు బాధ అనిపించలేదు.

సరే, నిజం బయటపడింది, కలిశారు. మీరన్న లెక్కన అప్పుడే చప్పబడాలి. మా ఇంట్లో ఆ వారాలే పండగ. కార్తీక్ పశ్చాత్తాపపడడం, దీప వెంటనే కరిగిపోకపోవడం, నానమ్మ సౌందర్య మధ్యలో నలగడం, పిల్లలిద్దరూ తల్లినీ తండ్రినీ కొత్తగా అలవాటు చేసుకోవడం... నన్నడిగితే ఒక్క దాని మీదే ఏడాది నడపొచ్చు. విరిగిన నమ్మకం మళ్ళీ అతుక్కోవడానికి ఎంత కాలం పడుతుందో చూపించడం కంటే పెద్ద ప్రేమకథ ఏముంటుంది? అది వదిలేసి మళ్ళీ మోనితని, ఆమె కడుపులో బిడ్డని తెచ్చి మధ్యలో నిలబెట్టారు.

2022 మార్చిలో కారు ప్రమాదంలో ఇద్దర్నీ చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేశారు. శౌర్య జ్వాల పేరుతో ఆటో నడుపుతుంది, హిమ డాక్టర్, ఇద్దరికీ ఒకడి మీదే ప్రేమ. ఆటో నడిపే ఆ జ్వాల నాకు నచ్చింది, దాచుకోను. ఆ పిల్ల కోపానికి కారణం ఉంది, అమ్మానాన్నల చావుకి హిమే కారణమని నమ్ముతోంది కాబట్టి. ఆ కోపాన్ని తవ్వితే బోలెడంత కథ. కానీ ఆగస్టులో పాత జంట తిరిగొచ్చింది. దీప కోమాలోంచి లేచింది, కార్తీక్‌కి గతం గుర్తులేదు, మోనిత అతని పక్కన భార్యగా ఉంది. జ్వాల కథ పక్కకి పోయింది.

మా అమ్మ ఎక్కువ ఓపిక ఉన్న మనిషి. ఆ ఓపిక అక్కడ తెగింది. "ఇన్నేళ్ళు ఏడిపించి వాడి చేత క్షమాపణ చెప్పించారు. ఇప్పుడు అదీ మర్చిపోయాడంటే దీప పడ్డదంతా ఏమైపోయినట్టు?" అంది. గతం మర్చిపోయిన హీరో మన సీరియళ్ళకి కొత్త కాదు, కానీ ఇక్కడ పోయింది వట్టి జ్ఞాపకం కాదు. ఒక మగవాడు ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చుకున్న సిగ్గు పోయింది. అతను మర్చిపోయినా మేం మర్చిపోలేదు కదా. ఆ తర్వాత కూడా అమ్మ చూసింది, కానీ కూరగాయలు తరుక్కుంటూ, మధ్యలో లేచిపోతూ చూసింది.

ఇంత గందరగోళంలోనూ ఒక్కరు చెక్కుచెదరలేదు: మోనిత. శోభా శెట్టి వేసిన ఆ పాత్రకి కావాల్సింది మొదటి నుంచి ఒక్కటే, కార్తీక్. ఏ ఎపిసోడ్ తీసినా దానికి తగ్గట్టే మాట్లాడుతుంది, దానికి తగ్గట్టే తెగిస్తుంది. విలన్ వస్తే లేచి కూర్చున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. గుణం మారని పాత్ర దుర్మార్గురాలైనా మనల్ని టీవీ ముందు కట్టేస్తుంది.

ఇదంతా రచయితలకి తెలియక కాదు. వారానికి ఆరు రోజులు ఎపిసోడ్ ఇవ్వాలి, ఎంతమంది చూశారో చెప్పే టీఆర్పీ గురువారం గురువారం వస్తుంది, ముగింపు ఎప్పుడో ముందుగా ఎవరూ చెప్పరు. బాగా ఆడుతున్న స్లాట్‌ని ఏ ఛానెలూ వదులుకోదు. బయటి అడ్డంకులు, అంటే అత్త, ఆస్తి, జైలు, జబ్బు, అన్నీ వాడేశాక మిగిలేది మనిషి మనసే. దాన్ని తిప్పేస్తారు.

జంట కలిస్తే సీరియల్ చచ్చిపోతుందన్న నమ్మకం అమెరికాలోనూ ఉంది. అక్కడ అందరూ చూపించే ఉదాహరణ 'మూన్‌లైటింగ్', 1985 నుంచి 1989 దాకా ఏబీసీ ఛానెల్లో వచ్చింది. సిబిల్ షెపర్డ్ వేసిన మాడీ, బ్రూస్ విల్లిస్ వేసిన హీరో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతూ ఎప్పుడూ పోట్లాడుకుంటుంటారు. 1987లో ఒకటయ్యారు, తర్వాత షో పడిపోయింది, కాబట్టి కలపడమే తప్పు అంటారు. నాకు ఆ లెక్క కుదరదు. ఆ తర్వాత షెపర్డ్ కవలల్ని కనింది, విల్లిస్ సినిమాల్లోకి వెళ్ళాడు, 1988లో రచయితల సమ్మె వచ్చింది, షో సృష్టించిన గ్లెన్ గోర్డన్ కారన్ బయటికెళ్ళిపోయాడు. జంట ఒక ఫ్రేములో కనబడడమే తగ్గిపోయింది. పైగా ఎంతో ఆలోచించి అడుగు వేసే మాడీ, రైల్లో పరిచయమైన కొత్త మనిషిని పెళ్ళి చేసుకుని తిరిగొస్తుంది. ప్రేక్షకులు పోయింది వాళ్ళు కలిసినందుకు కాదు, కలిసిన వాళ్ళని అలా విడదీసినందుకు అని నేను అనుకుంటాను.

దీనికి ఎదురు ఉదాహరణగా 2015లో మొదలై 2016 జనవరిలో అయిపోయిన కొరియన్ డ్రామా 'రిప్లై 1988' చెప్తాను. ఇరవై ఎపిసోడ్లే. హీరోయిన్ దొక్‌సన్ ఎవర్ని పెళ్ళాడిందో దాచిపెట్టి కథ నడుపుతారు. జుంగ్‌హ్వాన్ అనుకున్న వాళ్ళు ఒక వర్గం, తేక్ అనుకున్న వాళ్ళు ఇంకో వర్గం. మా పిన్ని కూతురూ నేనూ జుంగ్‌హ్వాన్ వైపు. ఓడిపోయాం, బాధపడ్డాం. కానీ ఆ డ్రామా మీద ఇష్టం పోలేదు, ఎందుకంటే అతని ఓటమి అతని గుణంలోంచే వచ్చింది. ప్రతిసారీ నోటిదాకా వచ్చిన మాట మింగేసే కుర్రాడు అతను. ఆఖరికి ఆమె దగ్గరికి వెళ్ళే దారిలో తనని ఆపేసిన ట్రాఫిక్ లైట్ల మీద నెపం వెయ్యబోయి, తన వెనకాడడమే తనని ఓడించిందని తనే ఒప్పుకుంటాడు. ఆ మాట విన్నాక అతని అభిమానులుగా మేం రచయితతో పోట్లాడడానికి ఏమీ మిగల్లేదు. పైగా ఆ వీధిలో ప్రేమ ఒక్కటే లేదు. పుట్టినరోజు ఏటా అక్కతో కలిపి చేసేస్తారని ఏడ్చే నడిమి పిల్ల, ఆ పిల్లకి క్షమాపణ చెప్పే తండ్రి, వంట గిన్నెలు ఇంటింటికీ తిప్పే తల్లులు. జంట ఎవరన్నది తేలిపోయాక కూడా మళ్ళీ చూడడానికి ఇవన్నీ ఉన్నాయి.

ఇంకొక్క మాట. జంట కోసమే చూసేవాళ్ళని కొందరు చులకనగా మాట్లాడతారు, కథ పట్టదని. నాకది అన్యాయం అనిపిస్తుంది. తమకి నచ్చిన జంట సీన్లు కలిపి ఎడిట్ వీడియోలు చేసే ఆ అమ్మాయిలకి ఎవరు ఎప్పుడు ఏం మాటిచ్చారో ఎపిసోడ్‌తో సహా గుర్తుంటుంది. పాత్ర గుణం తప్పితే ముందు పట్టుకునేది వాళ్ళే.

మీ సీరియల్ పేరు చెప్పలేదు. ఒక్కసారి గుర్తు చేసుకోండి: మీకు విసుగు వాళ్ళు కలిసిన వారంలోనే మొదలైందా, లేక కలిశాక వాళ్ళకి చెయ్యడానికి పనేమీ లేకుండా చేసిన దగ్గరా, లేక మళ్ళీ విడగొట్టడానికి ఎవరో ఒకరు తమది కాని మాట మాట్లాడిన దగ్గరా? పేరు చెప్పండి, నేను చూసినదైతే ఎక్కడ దారి తప్పిందో మాట్లాడుకుందాం.